నాలుగో ఏటి కాపు

ఏప్రిల్ 19, శనివారం

ఎరువుల కొట్టువాడు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ ఖాళీగా పడుంది. ఇవాళ రాయదగ్గ పని ఒకటి చేశాను కాబట్టి రాస్తున్నాను.

సువర్ణరాజు బైబిల్లో ఎర్ర పెన్నుతో గీత గీసి వచ్చాను.

వాడూ నేనూ ముప్ఫై ఏళ్ళుగా బావా అంటే బావా అనుకుంటాం. వాళ్ళది చర్చి వీధి, మాది రామాలయం వీధి. వాడికి ఎకరం మామిడితోట ఉంది. నలభై చెట్లు, చిన్న రసాలు. నాలుగేళ్ళ కిందట వానాకాలంలో వాడూ, వాడి భార్య ఎస్తేరమ్మా గుంటలు తీసి నాటారు. అంట్లు కట్టింది నేనే. అది నా వృత్తి. మూడేళ్ళు పూత వస్తే గిల్లి పారేయండి, ఆశపడి కాయ నిలిపారో చెట్టు గిడసబారిపోతుంది అని చెప్పిందీ నేనే. ఈ ఏడే మొదటిసారి కాపు నిలిపాం. ఎస్తేరమ్మ చూడలేదు. నాటిన ఏడాదికే కేన్సర్‌తో పోయింది.

మొన్న వాడు, మా పుస్తకంలో లేని సంగతి లోకంలో లేదు బావా అని గొప్పలు పోయాడు. పూత గిల్లడం గురించి ఉందా అన్నాను. నవ్వేశాడు. ఇవాళ ఈస్టరు ముందు రోజని భార్య సమాధికి సున్నం వేయడానికి వెళ్తే, వాడి అరుగు మీద కూర్చుని పుస్తకం తిరగేశాను. లేవీయకాండం అట. పంది తినొద్దు, పొలుసు లేని చేప తినొద్దు, గడ్డం చివర్లు కత్తిరించొద్దు. మా అత్తగారు కూడా ఇన్ని వద్దులు చెప్పలేదు. తొమ్మిదో క్లాసు చదువుతో కూడబలుక్కుంటూ పోతుంటే దొరికింది. చెట్టు నాటితే మూడేళ్ళు దాని పండు ముట్టకూడదట. నాలుగో ఏటి పండంతా దేవుడిదట, ఆయన్ని స్తుతించడానికట. అయిదో ఏడు మీరు తినండి అని ఉంది.

ఒళ్ళు జలదరించింది. నా పని వీళ్ళ దేవుడికి తెలుసు!

గీత గీసి, మార్జిన్లో పెద్దది 4 అంకె వేసి, మామిడాకు గుర్తు పెట్టి వచ్చాను. దేవుడే వేశాడనుకుని వాడు ఉలిక్కిపడాలి.

ఏప్రిల్ 20, ఆదివారం

ఇంకా చూడలేదు. కూతురొచ్చిన సంబరంలో ఉన్నాడు. కీర్తిప్రియ బెజవాడలో నర్సు. పురుటికి వచ్చింది. తెల్లవారుజామున తల్లి సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగించి, అటునుంచి అటే తోటకి వెళ్ళిందట. అమ్మ నాటిన చెట్ల మొదటి పండు నేను తిన్నాకే ఎవరైనా, నువ్వు కూడా మావయ్యా అని నాకు వేలు చూపించి మరీ చెప్పింది. మీ ఆయన సంగతేంటే అన్నాను. ఆయనకి టెంక ఇస్తాలే అంది.

ఏప్రిల్ 24, గురువారం

చూశాడు!

పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చాడు. మొక్కలు నాటి ఎన్నేళ్ళు బావా అని అడిగాడు. ఇది నాలుగోది అన్నాను, నవ్వు పళ్ళ వెనక దాచుకుని. మరి నాటిన మరుసటి ఎండాకాలం ఎన్నో ఏడు లెక్క అన్నాడు. మొదటిదే కదరా అన్నాను. తలూపాడు. టీ పెట్టించాను, తాగకుండా లేచి వెళ్ళిపోయాడు.

వాడు వీధి మలుపు తిరిగాక ఆపుకోలేక నవ్వాను. ఏంటా వెకిలి నవ్వు, ఎవరి కొంప ముంచావు అని మా వెంకటలక్ష్మి గరిటె పట్టుకుని బయటికొచ్చింది.

ఏప్రిల్ 26, శనివారం

తోట చుట్టూ కంప కట్టాడు. కాపు కొనడానికొచ్చిన వ్యాపారి పాండురంగారావుని బయటినుంచే పంపేశాడు. కీర్తిని కూడా.

ఏప్రిల్ 27, ఆదివారం

కూతురు పోరు పెట్టిందని వాళ్ళ చర్చి అయ్యగారి దగ్గరికి వెళ్ళాడు. తమాషా చూద్దామని తోక పట్టుకుని నేనూ వెళ్ళాను.

అయ్యగారు బాగానే చెప్పారు. మనిషి నడిచొస్తుంటే ముందు నీడ కనపడుతుంది సువర్ణరాజూ, మనిషే వచ్చి ఎదురుగా నిలబడ్డాక ఇంకా నీడతో మాట్లాడతామా, పాత ధర్మశాస్త్రం నీడ, క్రీస్తు వచ్చాడు, హాయిగా తిను అన్నారు. అయితే దొంగిలించొద్దన్న ఆజ్ఞ కూడా నీడేనాండీ అన్నాడు వీడు. కొన్ని నెరవేరిపోయాయి, కొన్ని నిలిచి ఉన్నాయి అన్నారు. నేను ఊరుకోకుండా, పదోవంతు చర్చికి ఇవ్వమన్నది నెరవేరిందాండీ నిలిచి ఉందాండీ అని అడిగాను. ఆయన నా వైపు చూడలేదు.

లేవబోతూ వీడు ఇంకోటి అడిగాడు. తెలియక మూడేళ్ళలోపు పండు తిన్నవాళ్ళకి ఏమవుతుందండీ అని. ఏమీ కాదయ్యా అన్నారు అయ్యగారు. వీడు నమ్మినట్టు లేదు.

ఏప్రిల్ 30, బుధవారం

అయ్యగారి మాట చాలదు, ఇంకో ఇద్దరిని అడుగుతానంటే వాణ్ణి నా బండి మీదే తిప్పాను. పెట్రోలు కూడా నాదే.

పొద్దున విస్సన్నపేట. శనివారం ఆరాధన చేసే సంఘంలో ఒక పెద్దాయన. తెల్ల మీసం, ఇస్త్రీ చొక్కా. దేవుడు పూటకో మాట మార్చేవాడు కాదు, శనివారం ఎప్పటికీ శనివారమే, నాలుగో ఏడు ఎప్పటికీ నాలుగో ఏడే అన్నాడు. మళ్ళీ తనే, అది దేవుడు వాళ్ళకిస్తానన్న దేశంలో అడుగుపెట్టాక అని రాసి ఉంది, విస్సన్నపేట ఆ దేశం కాదనుకో, అయినా పాటిస్తే పోయేదేముంది అన్నాడు. తెలియక తిన్నవాళ్ళ సంగతి అడిగితే, క్షమాపణ ఉంది గానీ తప్పు తప్పే అన్నాడు. సువర్ణరాజు మొహం వాడిపోయింది.

మధ్యాహ్నం హనుమాన్ జంక్షన్. రేకుల షెడ్డు, మైకు, కుర్ర బ్రదరు. చెట్టంటే చెట్టు కాదు అంకుల్, చెట్టు మీరే, మూడేళ్ళు మీ కన్నీళ్ళు, నాలుగో ఏడు మీ సాక్ష్యం అన్నాడు. చెట్టు వీడైతే పూత గిల్లిందెవరండీ అన్నాను. హల్లెలూయ అన్నాడు. అక్కడా వీడు అదే అడిగాడు. బ్రదరు వీడి తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు.

ఒక్క పుస్తకం. ఒకాయన నీడ అంటాడు, ఒకాయన శాసనం అంటాడు, ఒకడు పొడుపుకథ అంటాడు. నాకు భలే సరదాగా ఉంది. కానీ ముగ్గురినీ ఆ తెలియక తిన్నవాళ్ళ ప్రశ్న ఎందుకడిగాడో అర్థం కాలేదు.

మే 3, శనివారం

కీర్తి మా ఇంటికొచ్చింది. ఆయాసపడుతూ పీట మీద కూర్చుంది. నాన్న నిద్రపోవడం లేదు మావయ్యా అంది.

నాన్నా, అది అప్పటి రైతులకి దేవుడు చెప్పిన వ్యవసాయం, అడవిలో తిరిగి తిరిగి వచ్చినవాళ్ళకి తోట పెంచడం ఏం తెలుసు, మావయ్య నీకు చెప్పినట్టే ఆయనా చెప్పాడు, ఇందులో భయపడేదేముంది అని వాడికి చెప్పిందట. నేను నలుగురి దగ్గర విన్నవాటిలో ఇదే నాకు ఎక్కింది.

అప్పుడు వాడు ఏడ్చాడట. మీ అమ్మకి నేనే పెట్టాను, నా చేత్తో పెట్టాను అని.

నాటిన మరుసటి ఎండాకాలం ఒక మొక్కకి ఒకే ఒక్క పండు కాసింది. జబ్బుతో ఉన్న ఎస్తేరమ్మకి వాడే పిండి నోట్లో పెట్టాడు. మూడు నెలలకి ఆమె పోయింది. ముట్టుకోవద్దన్నది పెట్టి చంపుకున్నాను, నిన్ను కూడా పోగొట్టుకోలేను అంటున్నాడట కూతురితో.

అమ్మది కేన్సర్, రిపోర్టులు చూసింది నేను, నాన్న వినడం లేదు అంది కీర్తి.



మే 4, ఆదివారం, ఉదయం 6

ఎవరికీ చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. ఆ పండు ఆ మొక్కది కాదు. నేను కట్టాను.

నడుమెత్తు మొక్క. పూతంతా గిల్లేశాం. ఒకరోజు తెల్లవారేలోపు పక్క ఊరి పెద్ద తోటలో మగ్గిన చిన్న రసం ఒకటి కోసుకొచ్చి, అంటు కట్టే ప్లాస్టిక్ టేపుతో కొమ్మకి బిగించి పెట్టాను. సువర్ణరాజుని వెధవని చేద్దామని. చేశాను కూడా. వాడి కేకలకి రెండు వీధులూ పోగయ్యాయి. ఎస్తేరమ్మని కుర్చీలో మోసుకొచ్చారు. మొక్కని చూసింది, నన్ను చూసింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. టేపు ఆమెకి కనపడిందనే నా అనుమానం. ఆరునెలలుగా ఆ మొహంలో నవ్వు చూడలేదు. ఆ నవ్వు చూశాక ఇంక ఎవరికి చెప్పను.

మే 5, సోమవారం

చెప్పాను. రెండూ చెప్పాను.

ఎర్ర గీత సంగతికి వాడు ఆశ్చర్యపోలేదు. గీత నువ్వే గీశావని మొదటిరోజే తెలుసు, అంత వంకర 4 ఈ ఊళ్ళో ఇంకెవడు వేస్తాడు అన్నాడు. గీత నువ్వు గీశావు సరే, మాట నువ్వు రాశావా అని అడిగాడు.

పండు సంగతి మాత్రం నమ్మలేదు. మా గేదె టీవీలో వచ్చిందని ఊరంతటినీ నా ఇంటి ముందు నిలబెట్టినవాడివి, నన్ను ఓదార్చడానికి ఇదొకటి అల్లుకొచ్చావా, చచ్చినదాని మీద కూడానా బావా అని తలుపేశాడు.

యాభై రెండేళ్ళలో ఒక్కసారి నిజం చెప్తే ఇదీ మర్యాద.

మే 6, మంగళవారం

నలభై చెట్లు. ఏ చెట్టుకి కట్టానో గుర్తు లేదు.

మే 8, గురువారం

కంప కింద నుంచి దూరాను. చొక్కా చిరిగింది, వీపు గీరుకుంది. ఒక్కో చెట్టూ, ఒక్కో కొమ్మా తడుముతూ పోతుంటే వెనక నుంచి ఎవడ్రా అది అని కర్ర ఎత్తాడు సువర్ణరాజు. కొడితే కొట్టు గానీ ముందు వెతకనీ అన్నాను. కొట్టలేదు, వెళ్ళనూ లేదు. కర్ర పట్టుకుని వెనకే నడిచాడు.

బోరు పక్క చెట్టు. నడుమెత్తులో మొదటి కొమ్మ. లావెక్కిన వేలికి ఇరుక్కున్న ఉంగరంలాగా బెరడు లోపలికి దిగిపోయి ఆకుపచ్చ టేపు. అంటు కత్తితో మెల్లగా లేపాను. ముడి అలాగే ఉంది.

అది ఎవరిదో వాడికి చెప్పక్కర్లేదు. ఈ చుట్టుపక్కల ఎడమచేత్తో అంట్లు కట్టేవాడిని నేనొక్కణ్ణే. వాడి నలభై మొక్కలకీ అదే ముడి వేశాను, కానీ అంటు కట్టేది మొదట్లో, కొమ్మ మీద టేపుకి వేరే పనే లేదు.

కర్ర పడేసి చెట్టు మొదట్లో కూర్చుండిపోయాడు. అయితే మా ఎస్తేరమ్మ తిన్నది ఈ చెట్టు పండు కాదు అన్నాడు. కాదు, పెద్ద తోటలో ముప్ఫై ఏళ్ళ చెట్టుది అన్నాను. వాళ్ళని అడిగి కోశావా అన్నాడు. లేదు అన్నాను. అయితే దొంగిలించొద్దన్న ఆజ్ఞ తప్పావన్నమాట, అది నీడ కాదురా నిలిచి ఉంది అన్నాడు. నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. తర్వాత నా వైపు చూడకుండా లేచి ఇంటికెళ్ళాడు.

మే 18, ఆదివారం

పది రోజులుగా వాడు నాతో మాట్లాడలేదు.

ఇవాళ కంప తీసేశాడు. కాయలన్నీ వారం కిందటే కోసి గడ్డిలో మగ్గబెట్టాడట. నాలుగో ఏటిది దేవుడిదే, ఒక్కటి కూడా అమ్మను, కానీ స్తుతించమన్నాడు గానీ వణకమనలేదు కదా అన్నాడట వాళ్ళ అయ్యగారితో. చెట్ల కింద ప్రార్థన చేయించి, మొదటి పండు పిండి కూతురి చేతిలో పెట్టాడు. ఆ తర్వాత ఎవరైనా రావచ్చు, కడుపునిండా తినొచ్చు, సంచీలో మాత్రం వేసుకెళ్ళకూడదు. కూలీలు, ఆటోవాళ్ళు, మా వీధివాళ్ళు, అందరూ మోచేతులదాకా రసం కార్చుకుంటూ తిన్నారు. జంక్షన్ బ్రదరు ఫోన్లో లైవ్ పెట్టాడు. పాండురంగారావు నాలుగు తిని, చేతిగుడ్డతో మూతి తుడుచుకుని, గడ్డి వైపు చూసి నిట్టూర్చాడు.

నన్ను పిలవలేదు. రోడ్డు మీద బండి ఆపుకుని చూశాను. కీర్తి పొట్ట పట్టుకుని నడుచుకుంటూ వచ్చి, నీకిదే మావయ్యా అని టెంక నా చేతిలో పెట్టింది.

మే 22, గురువారం

ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. వెంకటలక్ష్మి వెళ్ళి చూసొచ్చింది.

జూన్ 1, ఆదివారం

విస్సన్నపేటలో పని చూసుకుని వచ్చేసరికి, సువర్ణరాజు వచ్చి అరుగు మీద గంటసేపు కూర్చుని వెళ్ళాడు అంది వెంకటలక్ష్మి. ఏం చేశాడే అన్నాను. ఏదో చదువుకున్నాడు అంది.

డైరీ తీశాను. ఏప్రిల్ 19 దగ్గర మామిడాకు ఉంది. అయిదో ఏడు మీరు తినండి అన్న మాట కింద గీత, మార్జిన్లో ఎర్రగా, గుండ్రంగా, పెద్దది 5.

పెన్ను నాదే. అంకె నాది కాదు.