గొంగడి కింద వెలుగు

బావా,

పొద్దున జల్లు పడింది, పత్తికి మందు కొట్టడం మానుకున్నాను. నువ్వు పోయి నేటికి ఏడాది.

చేలల్లో కొట్టిన మందు నువ్వు తవ్విన బావిలోకి దిగిందేమోనని అక్కకు భయం. పూడ్పించేద్దామని పట్టుబట్టింది. అది విని నీ కూతురు సుజాత తను పనిచేసే ల్యాబ్ నుంచి రెండు గాజు గొట్టాలు తెచ్చింది. చీకటి కావాలంటే ముగ్గురం పట్టపగలే గొంగడి కప్పుకున్నాం. గొట్టాలు నీలంగా వెలిగాయి.

"ఏందే, మిణుగురులను పట్టుకొచ్చినవా?" అంది అక్క.

"సముద్రపు బ్యాక్టీరియా అమ్మా. వెలుగు కంటికి ఆనేటట్టు దాని ఎంజైమును మేమే మార్చినం. నీళ్లల్ల విషముంటే వెలుగు ఆరిపోతది. మామా, గొంగడి లేపకు!"

పత్తిచేను కాలువ నీళ్లు కలిపిన గొట్టం మసకబారి ఆరిపోయింది. బావి నీళ్లు కలిపింది వెలుగుతూనే ఉంది. సుజాత పోయిన నెల తీసుకెళ్లిన బావి నీళ్లకు ల్యాబ్‌లోనూ ఇట్లాగే వచ్చిందట.

"ఇగ పూడుస్తవా అక్కా?" అన్నాను.

"నోర్ముయ్‌రా! ముందు తాగనియ్యి."

చెంబెత్తి గటగటా తాగింది. తర్వాత నవ్విన నవ్వు వీధి దాకా వినబడింది. నీ ఫోటో ముందు కూడా ఒక గ్లాసు పెట్టింది.

నీ అస్థికలు కలిపిన గోదావరిలో పోస్తానని సుజాత సీసా నిండా మన బావి నీళ్లు పట్టుకుని, మధ్యాహ్నం భద్రాచలం బస్సెక్కింది.