కవరులో హాల్ టికెట్

మహబూబాబాద్,
22-9-2011, సకల జనుల సమ్మె పదో రోజు.

చిరంజీవి భాగ్యకు అమ్మ ఆశీస్సులు. నేనూ బాపూ క్షేమం. హాస్టల్ కూర ఎలా ఉన్నా నువ్వు వేళకు తింటున్నావని నమ్ముతున్నాను.

బాపు మోకాలి నొప్పి తగ్గింది. సమ్మెతో మా కాలేజీ తెరవలేదు. రోజూ పదింటికి దీక్షా శిబిరంలో సంతకం పెట్టి సాయంత్రందాకా అక్కడే ఉంటున్నాను. మహిళా కన్వీనర్‌ను కదా, మధ్యలో లేచి రాలేను.

సోమవారం నిరసనగా కురవి రోడ్డు మీదే వంటావార్పు పెట్టాం. అన్నం గుండిగ నాకు అప్పగించారు. నా చెవేమో ఉపన్యాసంలో, చెయ్యి ఫోనులో, మనసు నీ ప్రశ్న మీద. "పరీక్ష రాయనా, బహిష్కరించనా, ఒక్క మాట చెప్పమ్మా" అని మెసేజ్ పెట్టావు కదా. ఇంతలో మాడు వాసన. రెండు వందల మంది అన్నం! మా కాలేజీ ఆయా రామి ఉరికొచ్చి మూత తీసింది.

"ఏంది మేడం! గంజి ఎప్పుడు వంచాల్నో గదొక్కటే సూడమన్న. జై తెలంగాణ అనెతందుకు గింతమందిమి లేమా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాడు అన్నంలోనే పులుసు పోసుకుని తిన్నారు, పాపం.

నీ ప్రశ్నకు వస్తాను. ఫోనులో అడిగినప్పుడల్లా "చూద్దాం" అన్నాను. ఈ ఆదివారం జరిగే కొలువు పరీక్షను బహిష్కరించాలనే తీర్మానం శిబిరంలో చదివింది నేనే. నువ్వు రాస్తే అక్కడ తలెత్తలేను. రాయకపోతే నీ రెండేళ్ళ చదువు ఏమవుతుంది? రాష్ట్రం వస్తే కొలువొస్తుందా అన్నావు. ఏమో బిడ్డా, పొద్దున ఉన్న నమ్మకం సాయంత్రానికి ఉండటం లేదు. ఎటు కదిలినా గోడే తగులుతోంది.

ఇక చెప్పకుండా దాచిన మాట. నీ హాల్ టికెట్ ఎనిమిది రోజుల కిందటే ఇంటికొచ్చింది. నువ్వడిగితే రాలేదన్నాను. బాపుకూ చెప్పకుండా నా పరిశోధన కాగితాల మధ్య పెట్టాను. ఆదివారం దాటిపోతే ఎవరమూ ఏదీ తేల్చుకోనక్కర్లేదు అనుకున్నాను.

ఆ పరిశోధనా అంతే. గైడు సతాయించడం వల్లే నా పీహెచ్‌డీ ఆగిపోయిందని మీకు చెప్పాను గాని, ఆయన నన్నొక్క మాటా అనలేదు. వచ్చిన పనల్లా నెత్తినేసుకుని, గడువు దాటేదాకా ఆగింది నేనే. దాటిన రోజు హాయిగా నిద్రపట్టింది. రాయడానికి సిగ్గుగా ఉంది.

హాల్ టికెట్ ఈ కవరులోనే ఉంది. పక్కింటి ఖాదర్ భాయి రేపు హైదరాబాద్ వస్తున్నాడు, నీ చేతికే ఇస్తాడు. ఎల్లుండి నుంచి రైళ్ళు కూడా ఆపుతారట. రాస్తావో, చించేస్తావో నీ ఇష్టం. కానీ ఆదివారాన్ని నాలా చూస్తూ జారిపోనివ్వకు.

"మీ భాగ్యకు హాల్ టికెట్ అచ్చిందా మేడం?" అని రామి రోజూ అడుగుతుంది. ఇంకా రాలేదంటూ సంతకం పెడుతున్నాను. రేపు సంతకానికి ముందే, అందరూ వినేటట్టు, వచ్చిందని, నీకు పంపేశానని చెబుతాను. ఆ తర్వాత కన్వీనర్‌గా ఉంచుతారో లేదో తెలియదు.

ఇట్లు,
నిన్ను ఎనిమిది రోజులు ఆపిన
నీ అమ్మ