చూడని నీళ్లకు రాసిన లెక్క

యాదగిరీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. మనల్ని ఏలిన రంగుల ఫ్యాక్టరీ మేనేజర్ ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో పర్యావరణ నిర్వహణ పాఠాలు చెబుతున్నాడు. మందుల కంపెనీల వాళ్లూ హోటళ్ల వాళ్లూ శ్రద్ధగా రాసుకుంటున్నారు. ఆయాసపడుతూ మెట్లెక్కి నేనూ వెనక కూర్చున్నాను.

"మురుగునీటి రీడింగు ఏ రోజుది ఆ రోజే రాయాలి" అన్నాడు. ఎక్కడెక్కడ మోసం చేయొచ్చో తెలిసినవాడు కదా, బాగానే చెప్పాడు.

అప్పట్లో ఆడిట్‌కు ముందురోజు మూడు నెలల రీడింగులు రిజిస్టర్‌లో ఒక్కసారే నింపమని నీకు చెప్పింది అతనే. "చూడని నీళ్లకు నేనెట్ల రాస్త సార్?" అన్నావు. సాయంత్రానికి నీ ఉద్యోగం పోయింది.

లేచి అదంతా చెప్పాను.

"మరి ఆ రిజిస్టర్ చివరికి ఎవరు నింపారో కూడా చెప్పండి రావుగారూ" అన్నాడు నవ్వుతూ.

నేనేనని అంతమంది కొత్తవాళ్ల ముందు ఒప్పుకున్నాను. ఎల్‌బీ నగర్‌లో అన్నేళ్లూ పక్కవీధిలోనే ఉన్న నీకు మాత్రం చెప్పలేదు.