ముడి వెయ్యని తాడు

కోల్‌కతా, భవానీపూర్
మే 18

ప్రియమైన గోవిందూ,

నీ ఉత్తరం అందింది. లోకమంతా ఫోన్లలో మాట్లాడుకుంటుంటే మీరిద్దరూ ఇంకా పోస్టుమేన్‌ని తిప్పుతున్నారేమిటని భానుమతి నవ్వుతోంది. ఫోనులో నీకు కోపం వస్తే ఠక్కున పెట్టేస్తావు. ఉత్తరమైతే నీ కోపం విజయనగరంలో బయల్దేరి ఇక్కడికి చేరేలోపు కాస్త చల్లారుతుంది. నాకిదే సుఖం.

ఇక్కడ మా విశ్వవిద్యాలయం రాబోయే ఐదేళ్లకి ప్రణాళిక వేసుకుంటోంది. ఏ కోర్సులు పెంచాలి, ఏవి తీసెయ్యాలి, ఎక్కడ ఎన్ని సీట్లు ఉంచాలి అని తేల్చే సంఘానికి నన్ను కన్వీనర్ని చేశారు. డిసెంబరులో రిటైరయ్యేవాడికి ఐదేళ్ల ప్రణాళిక అప్పగించడం ఏం తెలివో! సమావేశాల్లో అందరూ డేటా సైన్సు గురించే మాట్లాడతారు. మన జనపనార శాఖ ప్రస్తావన వచ్చేసరికి మాత్రం అందరికీ ఒక్కసారే టీ గుర్తొస్తుంది.

మీ అమ్మాయి మౌక్తికకి మంచి ర్యాంకు వచ్చిందని చదివి చాలా సంతోషించాను. ఒక్క మాట విను. ఆప్షన్లు పెట్టేటప్పుడు కంప్యూటర్సో, ఎలక్ట్రానిక్సో పెట్టించు. మన శాఖ మాత్రం వద్దు. ఎందుకని అడగకు.

విశాఖలో మా ఫ్లాటుకి రంగులు వేస్తున్నారు. జనవరికల్లా అక్కడ ఉండాలని భానుమతి పట్టుదల. వంటింట్లో సగం గిన్నెలు అప్పుడే అట్టపెట్టెల్లోకి ఎక్కించేసింది. రోజూ రెండు గిన్నెలతోనే వంట. ఇన్నాళ్లూ నా ఉద్యోగం కోసం ఉన్నాం, ఇక నా సముద్రం కోసం పోదామంటుంది. కాదనలేను.

నీ
మృత్యుంజయ


విజయనగరం
మే 29

ప్రియమైన మృత్యుంజయకి,

ఈసారి నా కోపం దారిలో చల్లారేది కాదు. పోస్టుమేన్ చెయ్యి కాలకుండా ఉంటే అదే పదివేలు.

మౌక్తిక ఎక్కడ పెరిగిందో నీకు తెలుసు. మేం జూట్ మిల్లు క్వార్టర్స్‌లో ఉంటుంటే, ఆ పిల్ల బొమ్మలు మానేసి స్పిన్నింగు సెక్షన్లో రాలిన నార దుమ్ము ఏరుకొచ్చి, గంజిలో కలిపి అట్టలు చేసేది. ఇప్పుడు ప్లాస్టిక్కు బదులు నారతో ఏమేం చెయ్యొచ్చో నాకే పాఠాలు చెబుతోంది. కోల్‌కతాలో నువ్వు పనిచేసే శాఖలో చదవాలన్నది దాని చిన్ననాటి కోరిక. నీ ఉత్తరం చదివి వినిపిస్తే, "ఏటి నాన్నా, మావయ్యకి నాను అక్కడికి రావడం ఇష్టం లేదేటి?" అంది. నన్నేం చెప్పమంటావు?

మన మొదటి రోజు మర్చిపోయావా? వర్క్‌షాపు వెనక వరండాలో కొత్త బ్యాచి పిల్లలం పచ్చి నారతో ఇద్దరిద్దరం కలిసి తాడు పేనాలి. ఒకడు పురి పెడుతుంటే రెండోవాడు ఆ చివర పట్టుకోవాలి. పేనిందాన్ని పాత బ్యాచ్‌ల తాడుకి కలపాలి. చివర మాత్రం ముడి వెయ్యకూడదు, వచ్చే ఏడాది పిల్లలు అక్కణ్ణించే అందుకుంటారు కాబట్టి. నాకు జోడీవి నువ్వే. పురి బాగా బిగిసిన వేళ చూసి నువ్వు వదిలేశావు. తాడు గిర్రున తిరిగి నా మొహాన కొట్టింది. వాచిన పెదవితో ఏడుస్తుంటే లిలువాలో మీ రైల్వే క్వార్టరుకి తీసుకెళ్లావు. మీ అమ్మ చారన్నం పెట్టింది. ఆ పూట మొదలు, చదువు అయ్యేదాకా ఆ ఇంట్లోనే తిన్నాను.

ఆ వరండాలో నా కూతురు నిలబడితే నీకేం నష్టం?

గోవిందరాజు


కోల్‌కతా
జూన్ 14

ప్రియమైన గోవిందూ,

సంఘంలో జరిగేవి బయట చెప్పకూడదు. నీకైనా సరే. కాబట్టి ఈ ఉత్తరం చిన్నదే.

ఒక్కటి అడుగుతాను, నువ్వే జవాబు చెప్పుకో. మీ మిల్లువాళ్లు మన శాఖలో చదివిన కుర్రాణ్ణి కొత్తగా ఉద్యోగంలోకి తీసుకుని ఎన్నాళ్లయింది? 

అంత ఆశతో వచ్చే పిల్లకి ఖాళీ తరగతి గది చూపించడం నా వల్ల కాదు. పెద్దవాడిగా చెబుతున్నాననుకో, స్నేహితుడిగా బతిమాలుతున్నాననుకో. మన శాఖ పెట్టనివ్వకు.

భానుమతి అడిగానని చెప్పమంది. ఇక్కడ ఉక్కపోత చంపేస్తోంది.

నీ
మృత్యుంజయ


విజయనగరం
ఆగస్టు 6

మృత్యుంజయ గారికి,

నమస్కారాలు. 

మన జూనియర్ వెంకటేశు కోల్‌కతా నుంచి యంత్రాల పని మీద మా మిల్లుకి వచ్చాడు. మాటల్లో సంగతి బయటపడింది. వచ్చే ఏడాది నుంచి మన శాఖలో కొత్తవాళ్లని చేర్చుకోరట. ఇప్పుడు చేరేదే ఆఖరి బ్యాచి అట. శాఖని మూసెయ్యమని ఎవరో బయటివాళ్లు రాశారేమో అనుకున్నాను. ఆ సిఫార్సు మీరే రాశారని చెప్పాడు. రెండుసార్లు అడిగాను. మీరేనన్నాడు.

ఇంకెవరు చేసినా ఇంత బాధపడేవాణ్ణి కాదు. ఆ శాఖ పెట్టిన అన్నం తిన్నవాళ్లం మనం. అన్నం పెట్టిన చేతిని నరికినట్టుంది నాకు.

మౌక్తికకి అక్కడే సీటు వచ్చింది. మీ మాట కాదని మొదటి ఆప్షన్ అదే పెట్టింది. మూసేస్తున్నారమ్మా అని చెప్పి చూశాను. "మూసినోళ్లు మూసుకుంటారు, నాను సదివేది నాను సదువుతాను" అంది. ఆదివారం బయల్దేరుతుంది. హాస్టలు దారి తనే వెతుక్కుంటుంది. మీరు స్టేషనుకి రానక్కర్లేదు.

ఇట్లు
గోవిందరాజు


కోల్‌కతా, భవానీపూర్
సెప్టెంబరు 10

ప్రియమైన గోవిందూ,

నన్ను 'గారు' చేసేశావు. నువ్వు ఎన్ని బూతులు తిట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు.

స్టేషనుకి రావద్దన్నావు. వెళ్లాను. దూరంగా నిలబడి, మౌక్తిక సామాను దించుకుని టాక్సీ ఎక్కేదాకా చూసి వచ్చేశాను. నీ నడకే వచ్చింది దానికి, భుజం ఒక పక్కకి వాల్చి.

వెంకటేశు చెప్పింది నిజం. మూసెయ్యమని రాసింది నేనే. ఇప్పుడు నిర్ణయం అయిపోయింది కాబట్టి ఎందుకో చెప్పగలను. ఆరుగురు చెప్పాల్సిన చదువు ఇద్దరం చెబుతున్నాం. రిటైరైనవాళ్ల చోట ఎవరినీ వెయ్యలేదు. నార వడికే మన స్పిన్నింగు ఫ్రేము పాడైతే బాగుచేయించలేదు, దుప్పటి కప్పి ఉంచారు. కొత్త టీచర్ల కోసం నేను పెట్టిన అర్జీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. నేను ఊరికే ఉంటే శాఖ పేరు నిలిచేది. ఏటా నలుగురు పిల్లలు వచ్చేవారు, ఏమీ నేర్చుకోకుండా పట్టా పట్టుకుని పోయేవారు. మనం చదువుకున్న చోట అలా జరుగుతుంటే చూడలేకపోయాను. వేరేవాళ్ల చేత రాయించడానికీ మనసొప్పలేదు. రాసిన రోజు ఇంటికొచ్చి ఏడ్చాను. భానుమతిని అడుగు.

ఆ సిఫార్సులోనే ఒక షరతు పెట్టాను. ఈ ఏడాది చేరినవాళ్లు, ఒక్కరే మిగిలినా సరే, నాలుగేళ్లూ ఈ శాఖలోనే పూర్తి చదువు చదవాలి. వాళ్లని బలవంతాన ఇంకో శాఖలో కలపకూడదు. చెప్పేదెవరని అడిగారు. నేను చెబుతానన్నాను, రిటైరయ్యాక కూడా. ఆ మాట మీదే షరతు ఒప్పుకున్నారు.

అసలు సంగతి ఇక్కడుంది. ఎవరూ చేరకపోతే ఆ మాట నా మెడకి చుట్టుకోదు, డిసెంబరులో హాయిగా విశాఖ పోతాను. మౌక్తికని వద్దన్నది దాని మంచి కోసమేనని నీకు రాశాను, నేనూ నమ్మాను. అందులో సగం మా విశాఖ కోసం. నీకు కోపం రావాల్సింది దీని మీద.

మొదటి విడతలో ఎనిమిది మంది చేరారు. తర్వాతి విడతల్లో గిరాకీ ఉన్న శాఖల్లో ఖాళీలు వస్తుంటే ఒక్కొక్కరే అటు జారిపోయారు. మౌక్తికకీ కంప్యూటర్సులో సీటు ఇస్తామన్నారు. ఆఫీసులో వాళ్లు కూర్చోబెట్టి బెంగాలీలో, హిందీలో నచ్చజెప్పారు. అన్నీ విని, అక్కర్లేదని రాసిచ్చి వచ్చేసింది. "ఒక్కదానివే చదవాలే తల్లీ" అన్నాను. "మంచిదే గదా మావయ్యా, కలాసులో ఫస్టూ నానే, లాస్టూ నానే" అంది.

నిన్న వర్క్‌షాపు వెనక వరండాలో తాడు పేనాం. ఈ తంతు దానికి నేను చెప్పలేదు. నార చేత్తో పట్టుకుని అదే వచ్చింది. జోడీ లేదు. నన్ను ఆ చివర నిలబెట్టింది. "గట్టిగా పట్టుకోండి మావయ్యా. మీరు వదిలేత్తారని నాన్న చెప్పినాడు" అంది. పురి బిగిసేకొద్దీ నా వేళ్లు మండాయి. అయినా పట్టుకున్నాను.

పేనిందాన్ని పాత తాడుకి కలిపాం. ఆఖరి బ్యాచి గదా అని చివర ముడి వెయ్యబోయాను. నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ముడెయ్యకండి."

"వచ్చే ఏడు ఎవరూ రారమ్మా" అన్నాను.

"నాను రానేటి? రెండో ఏడు నాను పేన్తాను. మూడో ఏడూ నానే పేన్తాను. మీరు ఇక్కడే ఉంటారు గదా!"

ఉంటానన్నాను. 

ఇంటికొచ్చి భానుమతికి అంతా చెప్పాను. విశాఖ ఇప్పట్లో లేదని కూడా చెప్పాను. చాలాసేపు కిటికీ దగ్గర కూర్చుంది. పొద్దున లేచి చూస్తే వంటింట్లో అట్టపెట్టెలు విప్పి గిన్నెలు కడుగుతోంది. "ఆదివారం ఆ పిల్లని భోజనానికి తీసుకురండి. హాస్టలు తిండి తిని ఎలా చిక్కిపోయిందో ఏమిటో! రెండు గిన్నెల్లో ముగ్గురికి వండలేను" అంది. మా అమ్మ నీకు పెట్టిన చారే పెడుతుందట.

వచ్చే ఏడు తాడు పేనేనాటికి నువ్వు రా. నా వేళ్లు ఇంకా మండుతున్నాయి, ఒక్కణ్ణీ పట్టుకోలేను.

ఎప్పటికీ నీ
మృత్యుంజయ