లోపలి పిడి

ఒంగోలు,
12-2-2004

పూజ్యురాలైన అమ్మకు త్రినాథ్ నమస్కరించి రాయునది.

ఇక్కడ నేను, నీ కోడలు క్షేమం. కనిగిరిలో నువ్వు, అక్క, బావ, హారిక క్షేమంగా ఉన్నారని తలుస్తాను. అక్క కాలికి కట్టు విప్పారని చదివి మనసు కుదుటపడింది. ఇంకో నెల దాకా బరువులు ఎత్తనివ్వకు. చెప్పినా వినదనుకో, నీ కూతురే కదా.

నువ్వడిగినవాటికి వరసగా జవాబు రాస్తాను. పండుమిరపకాయ పచ్చడి పెట్టాం. కాయ బాగుంది గానీ ఉప్పు చాలలేదు. "అత్తయ్యగారైతే చేత్తో చూసి వేసేవారు, నాకు గిద్దెతో కొలిచినా కుదరదు" అని నీ కోడలు తనంతట తనే ఒప్పుకుంది. ఈ మాట ఆవిడ నోట రావడానికి ముప్ఫయ్యేళ్ళు పట్టింది, జాగ్రత్తగా దాచుకో. నా మోకాలి నొప్పి అలాగే ఉంది. ఆర్టీసీ గ్యారేజీలో అన్నేళ్ళు బస్సుల కింద పడుకున్నవాడికి అది రాకపోతే ఆశ్చర్యపడాలి.

కారు కూడా బాగానే ఉంది. అరవై ఆరేళ్ళ ఫోర్డు, నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది, నాకంటే హాయిగా నడుస్తోంది. ఆదివారం ఆదివారం లక్ష్మీకాంత్ గారితో యాత్రకి వెళ్తూనే ఉన్నాను. చరిత్ర లెక్చరరుగా చేసి రిటైరైన మనిషి అని చెప్పాను కదా. పార్టీ మీద నిషేధం ఉన్న రోజుల్లో కమ్యూనిస్టులు దాక్కున్న, పొగాకు ఆరబెట్టే బ్యారన్ కొట్టాలు, పోలీసు క్యాంపులు పెట్టిన చోట్లు, కాల్పులు జరిగిన వాగులు పిల్లలకి తిప్పి చూపిస్తాడాయన. ముందు మన కారు, వెనక పిల్లల వ్యాను. ఆ కాలం కథ ఆ కాలం కారులో చూస్తున్నామని అందరికీ మహా సంబరం.

ఇక నీ ఆఖరి ప్రశ్న. హారిక చేత రాయించావు: "మీ నాన్న నాయకుల్ని కార్లో దాటించాడని పేపర్లో వేశారంటగదరా. యాభై ఏడేళ్ళు కాపరం చేశాను. కడుపులో మాట దాచుకోలేని మనిషి, నాకెందుకు చెప్పలా?" అని.

అమ్మా హారికా, పక్కింటివాళ్ళెవరైనా కూర్చుని ఉంటే ఉత్తరం ఇక్కడ ఆపు. వాళ్ళు వెళ్ళాక అమ్మమ్మకి ఒక్క ముక్క కూడా మింగకుండా చదువు. ఫోన్లో చెబుదామని రెండుసార్లు ఎస్టీడీ బూత్‌కి వెళ్ళాను. రెండుసార్లూ పచ్చడి గురించి మాట్లాడి పెట్టేశాను.

అమ్మా, నాన్న నీకు చెప్పకపోవడానికి కారణం, అలాంటిదేమీ జరగలేదు. ఆ కథ నేను అల్లింది.

రెండేళ్ళ కిందట టీ కొట్టు దగ్గర కారు ఆపితే లక్ష్మీకాంత్ గారు చుట్టూ తిరిగి చూసి, "మీ నాన్నగారు షావుకారు దగ్గర డ్రైవరు కదండీ, నాయకుల్ని దాటించిన కార్లలో ఇదొకటేమో" అన్నాడు. "అవునండీ" అన్నాను. ఆ ఒక్క ముక్కే. జీవితంలో నన్నెవరూ అంత గౌరవంగా చూడలేదమ్మా, కాదనడానికి నోరు రాలేదు. ఆ తరవాత ఆదివారానికొక పోగు చొప్పున పేనుతూ పోయాను.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాకు అతికించుకోవడానికి ఒక నిజం దొరికింది. వెనక ఎడమ తలుపుకి లోపల పిడి లేదు కదా. బయటి నుంచి తప్ప తెరుచుకోదు. "పోలీసులు తరుముతుంటే నాయకుడు కంగారులో దూకేస్తాడని మా నాన్నే పీకేశాడండీ" అని చెప్పేవాణ్ణి. పిల్లలు ఆ తలుపు పక్కన నిలబడి ఫొటోలు తీయించుకునేవారు.

ఆ పిడి ఎందుకు లేదో నాకు అప్పటికే తెలుసు. తొంభైతొమ్మిదిలో గుంటూరు ఆసుపత్రిలో నువ్వు కాఫీకి కిందికి వెళ్ళినప్పుడు నాన్న చెప్పాడు. అది నలభైతొమ్మిదిలో, ఇదే మిరపకాయల కాలం. పోలీసులు అడిగితే షావుకారు కారిచ్చాడు. నాన్న నడిపాడు. పుల్లగుంటపాలెంలో తోమా అని కూలీ సంఘం కుర్రాడు, రహస్యంగా ఉత్తరాలు చేరవేసేవాడట. కల్లంలో కాయలు ఎండబోస్తుంటే పట్టుకున్నారు. వాళ్ళక్క తమ్ముణ్ణి వాటేసుకుని వదలకపోతే ఇద్దర్నీ వెనక సీట్లోకి తోశారు, కుడి తలుపు పక్క ఒక పోలీసు కూర్చున్నాడు. షావుకారింటి నుంచి బయలుదేరే ముందే ఇనస్పెక్టరు ఎడమ తలుపు పిడి పీకమన్నాడు. "పీకాన్రా. స్క్రూడ్రైవరు నాదే" అన్నాడు నాన్న.

వాగు దగ్గర కారు నెమ్మదించినప్పుడు ఆ పిల్ల తలుపంతా తడుముతూ, "అన్నా, తలుపు తియ్యన్నా" అని నాన్ననే అడిగిందట. నాన్న వెనక్కి తిరగలేదు. ఫుట్‌బోర్డు మీద నిలబడ్డ కానిస్టేబులు తలుపు తీసి ఆమెని రోడ్డు మీదికి లాగేశాడు. తోమాని తాటిచెట్ల వెనక్కి నడిపించుకుపోయారు. రెండు తుపాకి చప్పుళ్ళు. తిరిగొచ్చేటప్పుడు ఆమె రోడ్డు మధ్యలో కూర్చునుంటే పక్కనించి తిప్పుకుని వచ్చేశాడట, ఆపకుండా.

నీకు గుర్తుందా, నువ్వెప్పుడు వెనక ఎడమ పక్క కూర్చోబోయినా "ఇటు రా, ఇటు రా" అని కుడి పక్కకి జరిపేవాడు. ఎండ పడుతుందని అనేవాడు. షావుకారు ఆ కారు నాన్నకే ఇచ్చేశాక కూడా పిడి పెట్టలేదు, నన్నూ పెట్టనివ్వలేదు. ఇవన్నీ తెలిసీ, ఆ పిడి లేని తలుపు చూపించే చప్పట్లు కొట్టించుకున్నాను.

పోయిన ఆదివారం లక్ష్మీకాంత్ గారు ఒక ముసలావిణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. పేరు ఎలీసమ్మ. తోమా అక్క. కూతురి ఊళ్ళో ఉంటే వెతికి పట్టుకున్నాడు. కళ్ళు సరిగ్గా ఆనవు. నా చేతులతోనే ఆమెని వెనక ఎడమ పక్క కూర్చోబెట్టి తలుపు వేశాను. బండి తీశాను.

వాగు దగ్గర ఆపితే పిల్లలు మూగారు. "పిడి కథ చెప్పండి త్రినాథ్ గారూ" అన్నాడు లక్ష్మీకాంత్ గారు. తప్పించుకునే దారి లేక తలుపు తీశాను. ఎలీసమ్మ చెయ్యి, పిడి ఉండాల్సిన చోట రేకు మీద ఆని ఉంది. ఆ చేతి ముందు నిలబడి మొత్తం కథ చెప్పానమ్మా, ఒక్క పోగు కూడా తగ్గించకుండా. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆవిడ అంతా విని, "చెయ్యి పట్టుకో నాయనా, దిగుతా" అంది.

పిల్లలు అన్నాలకి కూర్చున్నాక నన్ను దగ్గరికి పిలిచింది. "మీ నాయనకి మెడ ఎనక పెద్ద పుట్టుమచ్చ ఉండేదిగదా" అంది. ఉండేదన్నాను. "మొగం తెలవదు నాకు. మెడే తెలుసు" అంది. అంతే, ఎవరితోనూ చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలా సాయంత్రం దాకా బండి నడిపాను.

మంగళవారం ఆవిడ ఇంటికి వెళ్ళి నాన్న చెప్పిందంతా చెప్పాను. మా నాన్న తరఫున, నా తరఫున క్షమించమన్నాను. మొత్తం విన్నది. చివరికి, "మీ నాయనంటే వణికాడు, ముందర తుపాకులుండె. నీకేముండె నాయనా?" అంది.

లక్ష్మీకాంత్ గారికీ చెప్పాను. కుర్చీలో కూలబడి, "స్తూపం సభ కార్డులు అచ్చయిపోయినయ్యిగదండీ. ఆ ఆదివారం ఒక్కటీ గడవనివ్వండి" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను. రెండేళ్ళుగా నేనూ ఆదివారాలు గడుపుకుంటూనే వచ్చాను.

ఇరవైరెండో తారీకు ఆదివారం నాడు వాగు దగ్గర తోమా స్తూపం తెరుస్తున్నారు. ఆదెయ్యగారి భార్య వెంకటరావమ్మగారికి సన్మానం అని కార్డులో నీ పేరు వేశారు. దానికోసం నువ్వు మంగళగిరి చీర కొనుక్కున్నావని, వీధి వీధంతా చెప్పుకున్నావని హారిక రాసింది. నిన్ను ఆ మెట్టు దాకా ఎక్కించింది నేను, ఇప్పుడు చెయ్యి పట్టుకుని దింపుతున్నదీ నేనే. నీకు శాలువా కప్పరమ్మా. ఆ రోజు మైకు దగ్గర నిలబడి, ఈ కారు ఎవర్ని తీసుకెళ్ళిందో, ఎవరు నడిపారో, తరవాత ఎవరు అబద్ధం చెప్పారో పేర్లతో సహా చెబుతాను. నాన్న పేరు కూడా. నీకు కోపం వస్తుంది, రావాలి కూడా. చచ్చినవాణ్ణి సభలో నిలబెడతావా అని నువ్వడిగితే, బతికున్నప్పుడు ఆయన నాకు చెప్పింది ఇందుకేనేమో అనిపిస్తోందని తప్ప వేరే ఏమీ చెప్పలేను.

మంగళవారం నేను లేచి వచ్చేస్తుంటే ఎలీసమ్మ గుమ్మం దాకా వచ్చింది. "స్తూపం నాడు ఆ కార్లోనే తీసుకుపో నన్ను. ఆ సీట్లోనే కూర్చుంటా. పిడి మాత్రం బిగించు. వాగుకాడ ఎవురూ తలుపు తియ్యబాకండి, నేనే తీసుకుని దిగుతా" అంది.

నువ్వు వస్తే ఆవిడ పక్కనే నీ చోటు, నాన్న నిన్ను ఎప్పుడూ కూర్చోబెట్టిన కుడి పక్కనే. ఆ చీరే కట్టుకుని రా. రాలేనంటే అర్థం చేసుకుంటాను, రెండు ముక్కలు హారిక చేత రాయించు.

ఆ మోడలు పిడి ఎక్కడా దొరకలేదు. మా గ్యారేజీ పాత సామానులో బస్సు తలుపు పిడి ఒకటి ఉంటే తెచ్చి, ఆకురాయితో రాసి సరిపుచ్చి, ఇవాళ పొద్దున బిగించాను. వెనక సీట్లో కూర్చుని తలుపు వేసుకుని తిప్పి చూశాను. తెరుచుకుంది. నాలుగు స్క్రూలమ్మా, అయిదు నిమిషాల పని.

ఇట్లు,
ఆదెయ్యగారి అబ్బాయి, నీ కొడుకు,
త్రినాథ్