చేయి పెట్టని పెరడు

జులై 6, ఉదయం 6.30
నేటినుంచి కొత్త జీవితం! ఇంటి వెనక జాగాలో అన్నీ మన నేల మొక్కలే. తంగేడు నాటాను. తుమ్మి, గునుగు గింజలు చల్లాను. నడవడానికి ఒక దారి. నా పని అయిపోయింది! ఎరువు లేదు, కలుపు తీయడం అసలే లేదు. ఏది ఎక్కడ బతకాలో మొక్కలే తేల్చుకుంటాయి.

నా భార్య సంగీత ఒక్కటే అడిగింది. "సొంతింట్ల మొదటి బతుకమ్మ. పూలన్నీ మన పెరట్లయే కావాలె. మాటిస్తవా?"

ఇచ్చేశాను!

జులై 27
వాన. అంతా పచ్చదనం! కాలనీ గ్రూపులో పదకొండు ఫొటోలు పెట్టాను. పక్కింటి పోచయ్య గోడమీంచి చూసి, "గడ్డి మంచిగ పెరిగింది సారూ" అన్నాడు. పాపం, ఆయనకేం తెలుసు!

ఆగస్టు 10
ఒక్కటే పీకాను. దారికి అడ్డమొచ్చింది. దారి నాది కదా, లెక్కలోకి రాదు.

ఆగస్టు 17
సా. 5.00: నలభై పీకాను.
5.40: తొంభై. ఊపొచ్చింది.

ఆగస్టు 24
రేపు మా ఆఫీసరు స్వామి సార్ చాయ్‌కి వస్తున్నారు. ఈ అడవిలో కూర్చోబెడతామా? కొడవలి కొన్నాను. తంగేడు చుట్టూ మోకాలెత్తు పిచ్చి మొక్కలు, మొత్తం సాఫ్, పోచయ్య బర్రెకు మేత!

ఆగస్టు 25
సార్ రాలేదు.

సెప్టెంబర్ 27
తంగేడు విరగబూసింది. గునుగు జాడ లేదు. గింజలమ్మినవాణ్ని తిట్టాను. పోచయ్య విన్నాడు.

"గునుగా? మొన్న నువ్వే గద సారూ, కోసి మా బర్రెకేసినవ్!"

టౌన్లో పెరిగినవాణ్ని. బతుకమ్మ మీద తప్ప నేలమీద గునుగును ఎన్నడూ చూడలేదు. పూత రాకముందు అది ఎట్లుంటుందో నాకేం తెలుసు? మా బతుకమ్మ పూలు బర్రె కడుపులో!

సెప్టెంబర్ 29, సద్దుల బతుకమ్మ
ఉ. 5.00: బజారు. ధూళిమిట్ట నుంచి పూలు తెచ్చిన స్వరాజ్యమనే ఆమె గునుగు కట్టలు ఇస్తూ అడిగింది. "ఇంటెనుక లేదా సారూ? గడ్డిలెక్క మొలుస్తది గద!"
6.15: పెరట్లో కోసినట్టే తట్టలో పేర్చాను.
6.16: ఒక కట్టకు దారం విప్పడం మరిచాను. సంగీత దారం చూసింది, నన్ను చూసింది. దారం తానే విప్పి, తట్ట లోపలికి తీసుకుపోయింది. నాలుగు తిట్టినా బాగుండేది. చాలా సిగ్గేసింది.

సెప్టెంబర్ 30
నిన్న తట్టలో గునుగు కింద పరిచిన బట్టను సంగీత పెరట్లో దులిపింది. నల్లటి సన్న గింజలు రాలాయి.

"అవే మొలుస్తయ్. వచ్చే యేడు నువ్వు మాటియ్యకు, చెయ్యి పెట్టకు. గంతే."

కొడవలి పోచయ్యకిచ్చేశాను. నేటినుంచి కొత్త జీవితం!

సా. 5.00: దారి పక్కన ఏదో ఒకటి వంకరగా మొలిచి ఉంది. గునుగేమో. కాదేమో.
5.10: చేతులు వెనక్కి కట్టుకుని నిల్చున్నాను.