ఉమామహేశ్వరమ్మ పడిపోయింది

నంద్యాల,
9-4-2001

ఆళ్లగడ్డ బ్రాంచిలో కొత్తగా చేరిన సుబ్బరత్నమ్మ గారికి,

హెడ్డాఫీసులో కంప్యూటర్ల పని చూసే కృపావరం నమస్కరించి రాయునది.

కేశవులు అండ్ సన్స్ విత్తనాల కంపెనీలోకి మీకు స్వాగతం. ఓనరు కేశవులు శెట్టి గారు ఫోనుకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని తిరుగుతుంటారు. కాబట్టి మనం ఏం మాట్లాడుకున్నా ఉత్తరాల్లోనే. మన వ్యాను డ్రైవరు ఆదెన్న తెచ్చిస్తాడు, తీసుకుపోతాడు.

మీరు కంప్యూటర్లో కొట్టే బిల్లులు సాయంత్రం ఫోను తీగ మీద ఇక్కడికి వస్తాయి. తీగ పలకని రోజు ఫ్లాపీలో వేసి ఆదెన్నకు ఇవ్వండి. అన్ని బ్రాంచీల బిల్లులూ అందుకునేది ఉమామహేశ్వరమ్మే. మన సర్వర్. ఏ రైతుకు ఏ విత్తనం ఇచ్చామో మొత్తం ఉమామహేశ్వరమ్మకే తెలుసు. మాకెవరికీ గుర్తుండదు.

నిన్న మధ్యాహ్నం ఉమామహేశ్వరమ్మ పడిపోయింది. మీ బిల్లులు చేరకపోవడానికి కారణం అదే. ఈ ఎండలకు ఒళ్లంతా కాలిపోతోంది. పక్కన టేబుల్ ఫ్యాను పెట్టి, కాసేపు కదిలించకుండా ఉంచి, మళ్లీ లేపాను. లేచాక అన్ని బ్రాంచీలనూ గుర్తుపట్టింది గానీ ఆళ్లగడ్డను మాత్రం గుర్తుపట్టలేదు. కంగారుపడకండి, మెల్లగా అలవాటు చేస్తాను.

ఇట్లు,
కృపావరం

తా.క. పడిపోయే ముందు కీచుమని అరుస్తుంది. ఇక్కడ మాకు అలవాటైపోయింది, ఎవరూ తలెత్తి కూడా చూడరు.


ఆళ్లగడ్డ,
11-4-2001

కంప్యూటర్ల కృపావరం గారికి,

సుబ్బరత్నమ్మ నమస్కారాలు.

మీ ఉత్తరం చదివాక నాకు అన్నం సహించలేదు. మా బస్టాండు హోటల్లోనూ ఒక సర్వర్ ఉన్నాడు. వయసులో ఉన్న మనిషి. నాలుగు బల్లలకు ఇడ్లీలు అందించేసరికే నడుం పట్టుకుంటాడు. మీరేమో ఒక పెద్దావిడను సర్వర్‌గా పెట్టుకుని, టిఫిన్లు పెట్టించుకుని, పైగా బ్రాంచీలన్నిటి లెక్కలూ ఆమె నెత్తినే రుద్దారా? పడిపోక ఏం చేస్తుంది?

ఆమె వయసెంత? రాత్రిపూట తోడెవరుంటారు? డాక్టరుకు చూపించారా? అరుస్తున్నా తలెత్తి చూడరా? ఇదేం ఆఫీసండీ!

ఉంటాను,
సుబ్బరత్నమ్మ

తా.క. ఆళ్లగడ్డను గుర్తుపట్టనందుకు నేనేమీ అనుకోలేదని ఆమెతో చెప్పండి. మా మామ నన్నే గుర్తుపట్టడు. కాఫీ వేళకు మాత్రం నా పేరు, మా నాయన పేరు కూడా గుర్తొస్తాయి.


నంద్యాల,
14-4-2001

సుబ్బరత్నమ్మ గారికి నమస్కారాలతో,

మీ ఉత్తరం ఆఫీసులో పైకి చదివి వినిపించాను. అందరం కడుపు పట్టుకుని నవ్వాం. ఇంత హాస్యం తెలిసిన మనిషి మన కంపెనీలోకి రావడం మా అదృష్టం. నేనూ మీ దారిలోనే జవాబు చెబుతాను.

ఉమామహేశ్వరమ్మ వయసు అడక్కండి. ఈ కాలానికి ముసలిదనే చెప్పాలి. రాత్రిపూట తోడెవరూ ఉండరు. మెట్ల కింద గదిలో ఉంచి, దుమ్ము పడకుండా దుప్పటి కప్పి, బయట తాళం వేసుకుని వెళ్లిపోతాం. జీతం అడగదు. ఆదివారం కూడా పనే. డాక్టరును నేనే. ఎంతకీ లేవకపోతే వీపు మీద గట్టిగా ఒకటి తడతాను, లేచి కూర్చుంటుంది.

సెలవు,
కృపావరం

తా.క. ఓనరు గారు దీన్ని తీసేసి కొత్తదాన్ని తెచ్చుకుందామంటున్నారు. బెంగుళూరులో చూసి వచ్చారట. సన్నగా, తెల్లగా, భలే చురుగ్గా ఉందట.


ఆళ్లగడ్డ,
17-4-2001

కృపావరానికి,

గారు అని రాయబోతే చెయ్యి ఆడలేదు. ఏమీ అనుకోవద్దు, అనుకున్నా నాకు బాధలేదు.

మా అమ్మ కొలిమిగుండ్లలో పిల్లల హాస్టల్లో వంట చేసేది. ఒంట్లో బాగాలేదని ఏనాడూ నోరు తెరిచి చెప్పలేదు. ఒకరోజు పొయ్యి ముందే కూలబడింది. నీళ్లు చల్లితే కళ్లు తెరిచి, "పిల్లోళ్లు తినిరా?" అని అడిగింది. ఆమె అడిగిన చివరి మాట అదే. నువ్వు నవ్విన ఉత్తరం నేను ఎందుకు రాశానో ఇప్పుడైనా తెలుసుకో.

నీ మీద నమ్మకం లేక నేనే ఉమామహేశ్వరమ్మ గారి పేరు రాసి ఒక పొట్లం పంపాను. రాగిపిండి, సబ్జా గింజలు, కీళ్లకు వావిలాకు నూనె. లోపల చీటీ కూడా పెట్టాను. ఆమె చేతికే ఇవ్వాలని ఆదెన్న చేత ఒట్టు వేయించుకున్నాను. తిరిగొచ్చాక అడిగాను.

"ఇచ్చినావా అన్నా?"

"ఇచ్చినా తల్లీ."

"ఎట్లుండాది ఆ యమ్మ?"

"మోకాళ్ల నొప్పులంట. పొట్లం ఒళ్లో పెట్టుకోని చీటీ రెండుతూర్లు చదువుకునె. మళ్లా నువ్వెవరు, యాడుంటావు, ఎంతమంది పిల్లోళ్లని అడిగినదే అడిగె. ఆ యమ్మతో మాట్లాడేటోళ్లు లేరు తల్లీ ఆడ."

విన్నావా? నువ్వు వీపు మీద కొట్టే మనిషి సంగతి ఇది.

సుబ్బరత్నమ్మ

తా.క. సన్నగా తెల్లగా ఉన్నదాన్ని తెచ్చుకుంటానన్న మాట మీ ఓనరును ఒకసారి ఇంట్లో వాళ్ల శెట్టెమ్మ ముందు అనమని చెప్పు. ఆ తర్వాత ఎవరు పడిపోతారో చూద్దాం.


నంద్యాల,
3-5-2001

సుబ్బరత్నమ్మ గారికి,

మీ అమ్మగారి సంగతి చదివాక ఎవరికీ చదివి వినిపించలేదు. తప్పుగా నవ్వి ఉంటే క్షమించండి. ఉమామహేశ్వరమ్మ మీద మీకున్న ప్రేమ ఇక్కడ ఒక్కరికీ లేదు. పడిపోయినప్పుడు తిట్టేవాళ్లే. ఆదెన్న కూడా మీతో కలిసి నన్ను ఆటపట్టిస్తున్నాడని తెలుసు. కానీ ఇప్పుడు నాకు నవ్వే ఓపిక లేదు.

పరిస్థితి బాగాలేదు. ఇదివరకు ఎండకు ఎప్పుడో ఒకసారి పడేది. ఇప్పుడు మాటిమాటికీ పడుతోంది. తొలకరి దగ్గరికొస్తోంది, పత్తి విత్తనానికి రైతులు వరస కడతారు. అప్పుడు పడితే ఏ బ్రాంచిలోనూ ఒక్క బస్తా కదలదు. తీగలన్నీ విప్పి మళ్లీ కట్టాను. శిరివెళ్ల బ్రాంచిని విడదీసి చూశాను. లోపల పేరుకుపోయిన పాత సరుకంతా తీసేశాను. ఏం చేసినా అంతే. "నిలబెడితే నిలబెట్టు. ల్యాకుంటే అదీ వద్దు, నువ్వూ వద్దు" అని ఓనరు గారు అందరి ముందే అన్నారు. మా అమ్మకు ఇంకా చెప్పలేదు.

ఒక్క విషయం మాత్రం పట్టుకున్నాను. ఆళ్లగడ్డ నుంచి వ్యాను వచ్చిన మర్నాడే పడుతోంది. మీ దగ్గరినుంచి వచ్చేదేదో ఉమామహేశ్వరమ్మకు పడటం లేదు. అందులో పురుగు ఉందని నా అనుమానం. దయచేసి కొన్నాళ్లు ఆదెన్నతో ఏమీ పంపకండి.

మీ
కృపావరం

తా.క. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. పురుగు మీకు తెలియకుండానే చేరి ఉంటుంది. ఈ రోజుల్లో మంచి మంచి ఆఫీసుల్లోనే చేరుతోంది.


ఆళ్లగడ్డ,
5-5-2001

కృపావరానికి,

నా రాగిపిండిలో పురుగా! ఎండబెట్టి, దగ్గరుండి పట్టించి, పలచటి గుడ్డలో జల్లించి పంపిన పిండి అది. మా ఇంట్లో పిండిని పట్టుకుని పురుగు ఉందన్న మగవాడు ఇంతవరకూ లేడు. మా మామకు మతి లేదు గానీ ఆయన కూడా అనలేదు.

పడటం లేదంటున్నావే, మరి నేను పొట్లం పంపినప్పుడల్లా ఆమె నాకు అలసంద వడలు ఎలా చేసి పంపుతోంది? నాలుగు మెతుకులు ఒంటికి పట్టబట్టే కదా లేచి రుబ్బుకుంటోంది! మొన్న వచ్చినప్పుడు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. ఆదెన్న దారిలో రెండు తిన్నాడట, అతని మొహం చూస్తేనే తెలుస్తోంది ఎంత బాగున్నాయో.

ఇక నీతో మాటలు అనవసరం. ఈ వ్యానులోనే మీ ఓనరుకు కూడా ఉత్తరం రాసి పంపుతున్నాను. ఉద్యోగం పోతే పోనీ. ఉమామహేశ్వరమ్మ గారిని మీరు చూసుకోలేకపోతే ఆళ్లగడ్డ పంపించండి, మా ఇంట్లో ఉంచుకుంటాను. మాకున్నది రెండే గదులు గానీ రెండింటికీ కిటికీలున్నాయి.

సుబ్బరత్నమ్మ

తా.క. వడల్లో అల్లం కాస్త ఎక్కువైంది. ఆమెతో అనవద్దు.


నంద్యాల,
8-5-2001

సుబ్బరత్నమ్మక్కకు,

అక్కా అనే చనువు నాకుందో లేదో తెలియదు. మొత్తం చదివాక చెప్పు.

ఉమామహేశ్వరమ్మ మనిషి కాదక్కా. పెట్టె. అన్ని బ్రాంచీల కంప్యూటర్లకూ పెద్దగా ఉండే కంప్యూటరును సర్వర్ అంటారు. కొన్న రోజున ఓనరు గారు దానికి వాళ్లమ్మ పేరు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. నేను కొట్టింది ఇనుప డబ్బా వీపు మీద. పురుగు అన్నది నీ ఫ్లాపీల గురించి. నువ్వు హాస్యమాడుతున్నావనుకున్నాను. నీ ఉత్తరాలన్నీ మళ్లీ తీసి చదువుకున్నాక సిగ్గుతో చచ్చిపోయాను.

నిన్న మధ్యాహ్నం నీ ఉత్తరం విప్పాను. వడల దగ్గరికి వచ్చి ఆగిపోయాను. ఇనుప డబ్బా వడలు చేయడమేమిటి? అదే క్షణంలో నెత్తి మీద గరగరమని చప్పుడు. లైట్లు మసకబారాయి. కీచుమని అరుపు. సర్వర్ పడిపోయింది. గోడ వెంట తీగ పట్టుకుని పోతే అది మెట్లెక్కి మేడ మీదికి పోయింది. నేనూ దాని వెంటే ఎక్కాను.

పైగదిలో ఓనరు గారి తల్లి గ్రైండరు ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది. ఆమె పైన ఉంటుందని నాకు తెలుసక్కా. తెలిసీ ఏనాడూ ఆ మెట్లెక్కలేదు.

"ఏం నాయనా, అట్ల పరిగెత్తుకోని వస్తివి?" అంది.

"అవ్వా, ఏం చేస్తాండావు?"

"అలసందలు రుబ్బుతాండా. ఆళ్లగడ్డలో సుబ్బరత్నమ్మని ఒకామె ఉండాది, నేనంటే పానం. నిన్న మళ్లా రాగిపిండి పంపె. ఉత్తచేతుల్తో ఎట్లుండేది? కూచో, నూనె కాగినాక రెండు తిందువు."

చూస్తే నేను పట్టుకుని వచ్చిన తీగ ఆ గ్రైండరు ప్లగ్గులోకే చేరింది. ఆమెకు ప్లగ్గు పెట్టిన ఎలక్ట్రీషియను తీగ ఆదా చేద్దామని సర్వర్ గదిలోంచే లాగాడు. గ్రైండరు తిరిగితే సర్వర్ పడుతుంది. సర్వర్ పడితే నేను నీకు రాస్తాను. నేను రాస్తే నువ్వు పిండి పంపుతావు. పిండి చేరితే ఆమె గ్రైండరు తిప్పుతుంది. మనం ముగ్గురం కలిసి దాన్ని మూడు వారాలు పడగొట్టామక్కా.

దిగి వచ్చేసరికి ఓనరు గారు నీ ఉత్తరం పట్టుకుని నిలబడి ఉన్నారు. "ఉమామహేశ్వరమ్మను వాడుకుంటున్నారు గానీ ఆమె ఎలా ఉందని అడిగే దిక్కు లేదు" అని రాశావట. "మాయమ్మ సంగతి ఆళ్లగడ్డ దాకా ఎట్ల పోయెరా?" అన్నారు. సార్, అది సర్వర్ గురించి, అని చెప్పాలి. నోటి దాకా వచ్చింది. చెప్పలేదు. ఆయన చెప్పులు కింద విడిచి పైకెళ్లారు. సాయంత్రం దాకా దిగలేదు. ఫోను తాళంచెవి బల్ల మీదే మరిచిపోయారు.

తీగ మార్చాను. నా ఉద్యోగం ఉంది. నీదీ ఉంది.

నీ తమ్ముడు
కృపావరం

తా.క. వడలు తిన్నాను. అల్లం సరిగ్గానే ఉందక్కా. నువ్వే సరిగ్గా నమలలేదు.


నంద్యాల,
15-5-2001

అమ్మాయి సుబ్బరత్నానికి,

ఉమామహేశ్వరమ్మ ఆశీర్వదించి రాసేది. డబ్బాది కాదు, నా చేతిరాతే.

నువ్వు పెట్టెకు పంపిన పొట్లాలు పొరపాటున నాకు చేరాయని, నేను అమాయకంగా నమ్మి తిన్నానని కృపావరం నీకు రాసి ఉంటాడు. పిల్లవాడు బాధపడతాడని వాడితో చెప్పలేదు. నీకు చెబుతాను. మొదటి పొట్లం విప్పిన రోజే నాకు తెలుసు. నీ చీటీలో ఏముంది? "అమ్మా, ఇన్ని బ్రాంచీల లెక్కలు మోస్తున్నావు, కాస్త నడుం వాల్చు" అని. నాకు ఈ ఇంట్లో పాల లెక్క కూడా ఎవరూ చెప్పరు. మా ఆయన పోయాక అంగడి నడిపింది నేనే. ఇప్పుడు ఏం కావాలన్నా కింద నా పేరున్న డబ్బాను అడుగుతారు. దాని పూజకు కూడా నన్ను పిలవడం మరిచారు. కాబట్టి ఆ పొట్లం ఎవరికో నాకు వెంటనే తెలిసింది.

తిరిగి పంపేద్దామనే ఆదెన్నను కేకేశాను. ఇంతలో చీటీ కింది వరస కనిపించింది. "మోకాళ్లు ఎలా ఉన్నాయి? సిగ్గుపడకుండా చెప్పు" అని. డబ్బాకు మోకాళ్లెక్కడివి? అది నాకే అనుకున్నాను. ఎవరితోనూ అనకుండా ఆదెన్న నోరు వడలతో మూయించాను.

నా కొడుకు ఇప్పుడు రోజూ నా దగ్గరే అన్నం తింటున్నాడు. మొదటి రోజు ఏం మాట్లాడాలో తెలియక వానల గురించి మాట్లాడాడు. నిన్న పత్తి విత్తనం ఏ బ్రాంచికి ముందు పంపాలని అడిగాడు. ఆళ్లగడ్డకని చెప్పాను. వచ్చే గురువారం ఆ వ్యానులోనే నేనూ వస్తాను. రెండు గదులకూ కిటికీలున్నాయట కదా. మీ అమ్మ సంగతి కృపావరం చెప్పాడు, ఆమె వంటల గురించి నువ్వు చెబుదువు, వింటాను.

ఇక నుంచి చీటీలో నాకే రాయి.

నీ
ఉమామహేశ్వరమ్మ

తా.క. డబ్బాకు పేరు మారుస్తానన్నాడు నా కొడుకు. వద్దన్నాను. మొన్న ఉరుముల్లో మళ్లీ పడింది. కింద అందరూ "ఉమామహేశ్వరమ్మ పడిపోయె!" అని అరుస్తుంటే నేను మెట్ల మీదికి వచ్చి, "నేను బాగనే ఉండాను, ఏందప్పా మీ గోల!" అని కేకేశాను. నీకు చెప్పకూడదు గానీ, నలుగురు పరిగెత్తుకుని పైకే వచ్చారు.